పదహారేళ్ల పిల్లవాడి గాయం ఏ కాగితంలో రాస్తారు?

ఘోర నేరంలో పదహారు, పదిహేడేళ్ల కుర్రవాడి పేరు వినబడగానే ‘పెద్దవాళ్లలాగే శిక్షించాలి’ అనే డిమాండ్ లేస్తుంది. 2012 డిసెంబర్ ఢిల్లీ అత్యాచార ఘటన తర్వాత లేచిన ఆ డిమాండే 2015 జువైనల్ జస్టిస్ చట్టంలో సెక్షన్ 15 అయింది. కనీసం 7 ఏళ్ల శిక్ష పడే నేరమైతే, 16 ఏళ్లు నిండిన పిల్లవాడిని పెద్దవాళ్లలా విచారించాలా వద్దా అని జువైనల్ జస్టిస్ బోర్డు ప్రాథమిక అంచనా వేస్తుంది.

బాధితుల్లో దళిత ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ల భద్రత మాకు చిన్న విషయం కాదు. అందుకే అడుగుతున్నాం: ఈ దారి సమాజాన్ని కాపాడుతుందా?

అమెరికా ఈ దారిలో మనకన్నా ముందే నడిచింది. అక్కడి అధ్యయనాలను సమీక్షించి, ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2007లో ఒక నివేదిక ప్రచురించింది. పెద్దల కోర్టుకు పంపిన పిల్లలు మళ్లీ అరెస్టయ్యే అవకాశం, జువైనల్ వ్యవస్థలో ఉంచిన పిల్లలకన్నా సుమారు 34 శాతం ఎక్కువని అందులో తేలింది. అంటే కఠినంగా కనిపించే శిక్ష వల్ల భద్రత పెరగలేదు, తగ్గింది.

మరి గాయం సంగతి? చిన్నప్పటి హింస, వేధింపులు జీవితాంతం వెంటాడతాయని 1998లో అమెరికాలో వెలువడిన ఏస్ అధ్యయనం చూపింది. అయితే అది లెక్కపెట్టినవి ఎక్కువగా ఇంటి చుట్టూ ఉండే గాయాలు. బడిలో కులం పేరుతో పడ్డ అవమానం, పనిలో పెట్టిన చోట తిన్న దెబ్బలు దాని ప్రశ్నల్లో లేవు. ఒక్క మాట గట్టిగా చెప్పాలి. గాయపడ్డ పిల్లల్లో అత్యధికులు ఏ నేరమూ చేయరు. మన వాడలను నేరాల అడ్డాలుగా చూపడానికి ఈ పరిశోధనను ఎవరూ వాడుకోకూడదు.

నేరం జరిగిన పరిస్థితులను కూడా చూడాలని సెక్షన్ 15 చెబుతోంది. ఈ అంచనా ఎంతో సున్నితమైన పని అని, బోర్డులో బాలల మనస్తత్వ శాస్త్రం చదివినవారు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరి అని 2022లో సుప్రీంకోర్టు బరుణ్ చంద్ర ఠాకూర్ కేసులో తేల్చింది. పిల్లవాడి నేపథ్యం బోర్డుకు చేరేది ప్రొబేషన్ ఆఫీసర్ 15 రోజుల్లో ఇవ్వాల్సిన సామాజిక విచారణ నివేదికలోనే. అందులో ‘తండ్రి కూలి, చదువు మానేశాడు’ అని రెండు ముక్కలు రాసి వదిలేస్తే, బడి ఎందుకు మానాడో ఎవరికీ తెలియదు. పేదరికమే అతని మీద అనుమానంగా మారుతుంది.

కాబట్టి కార్యకర్తల పని మొదటి రోజే మొదలవుతుంది. పిల్లవాడిని లాకప్‌లో పెట్టకూడదు, 24 గంటల్లో బోర్డు ముందుకు తేవాలి. ఉచిత న్యాయ సహాయం అతని హక్కు. ప్రొబేషన్ ఆఫీసర్ ఇంటికొచ్చినప్పుడు బడి, పని, కులం గురించి కుటుంబం ధైర్యంగా చెప్పేలా పక్కన నిలబడాలి. బోర్డు అంచనా అన్యాయమనిపిస్తే సెషన్స్ కోర్టులో అప్పీలు చేయవచ్చు.