కారుచున్న నల్లా

నల్లగొండ, మహబూబునగరు జిల్లాలలో నీటి విలువ పసిపిల్లలకును తెలియును. అక్కడి నేల ఎఱ్ఱనిది. దాని క్రింద కఠినమైన గ్రానైటు శిల. ఎంత లోతు త్రవ్వినను నీరు దొరకుట అరుదు. దొరకినచోట, ముఖ్యముగా నల్లగొండ పల్లెలలో, ఆ నీటియందు ఫ్లోరైడు మిక్కుటముగా నుండుటచే త్రాగినవారి పండ్లు గారపట్టి, ఎముకలు వంగిపోయెడివి. పటికయు సున్నమును కలిపి ఆ ఫ్లోరైడును తొలగించు విధానమును నాగపురములోని పరిశోధనసంస్థ రూపొందింపగా, దానికి 'నల్లగొండ పద్ధతి' యను పేరే స్థిరపడినది. పిమ్మట కృష్ణాజలములు గొట్టములద్వారా ఊళ్లకు వచ్చినవి. ఇంటింటికి నీరందించు మిషన్ భగీరథ పథకపు స్తూపమును 2015లో చౌటుప్పలునందే ఆవిష్కరించిరి.

అంత దూరమునుండి అంత ప్రయాసతో వచ్చిన నీరు, ఇంటిలోనికి రాగానే, అరిగిన రబ్బరుబిళ్ల మూలమున రాత్రియంతయు కారిపోవుచుండును. సెకనున కొక్క బొట్టు చొప్పున కారినచో దినమునకు ఎనుబదియారువేల నాలుగువందల బొట్లు. ఇరువది బొట్లు ఒక మిల్లీలీటరని లెక్కించినచో నాలుగు లీటర్లకు పైమాట. నెలకు నూటముప్పది లీటర్లు!

కోస్తావారు కుళాయి యనుదానిని తెలంగాణమున నల్లా యందురు. పాతకాలపు ఇత్తడి నల్లాలో ఒక మరచీల యుండును. దానిని త్రిప్పినపుడు అది క్రిందికి దిగి, తన కొననున్న వాషరును నీటిరంధ్రముపై అదుమును. కొన్నాళ్లకు వాషరు గట్టిపడి పగులును. అపుడు చాలమంది చేయు పని, నల్లాను మరింత బలముగా బిగించుట. దానివలన వాషరు మరింత నలుగునేకాని నీరాగదు.

వాషరు వెల స్వల్పము, మార్చుటయు సులభమే. కాని మొట్టమొదట మేడపై తొట్టివద్దనున్న గేటువాల్వును మూయవలెను. ఈ యొక్క మాట మరచినవారి యింట నీరు చిమ్మి, గోడలు, గుడ్డలు, పుస్తకములు తడిసిన కథలు ప్రతి ఊరను కలవు. వాల్వు మూసి, గొట్టములో మిగిలిన నీటిని వేరొక నల్లాద్వారా వదలివేసి, నల్లా తలపై గుడ్డచుట్టి పానాతో ఎడమవైపునకు త్రిప్పినచో అది ఊడివచ్చును. పాతబిళ్లను తీసి అదే కొలతగల క్రొత్తదానిని అమర్చి మరల బిగింపవలెను. నల్లాయే గోడనుండి ఊడినచో దాని మరలపై తెల్లని టెఫ్లాను టేపును బిగించుదిశగానే చుట్టవలెను. ఎదురుదిశగా చుట్టినచో బిగించుచుండగనే టేపు ఊడిపోవును. పూర్వము మేస్త్రీలు ఈ పనికి సఫేదా పూసిన జనుపనారను వాడెడివారు.

ఈ ప్రాంతములో బోరునీరు వాడు ఇండ్లకు వేరొక చిక్కు గలదు. ఆ నీటిలోని సున్నము తెల్లని పెచ్చుగా పేరుకొని నల్లా జల్లెడ మూసికొనిపోవును. సుత్తితో కొట్టుట తగదు. నిమ్మరసములోనో చింతపండు పులుసులోనో ఒక రాత్రి నానవేసి పాతబ్రష్షుతో రుద్దిన చాలును. ఆమ్లము సున్నమును కరగించును.

మరుగుదొడ్డి తొట్టిలో నీటిపై తేలుచుండు బంతి యొకటి యుండును. నీరు పెరిగినకొలది బంతి పైకి లేచి, తన కడ్డీతో నీటిదారిని మూయును. బంతికి చిల్లిపడి లోనికి నీరుచేరినచో అది తేలదు; దారి మూతపడదు; నీరు పొరలుగొట్టముగుండ పోవుచునే యుండును. బంతిని మార్చువరకు కడ్డీని దారముతో పైకెత్తి కట్టవచ్చును. తొట్టి అడుగు రబ్బరుమూత సరిగా అతుకకున్నచో చప్పుడులేకుండ నీరు జారును. దానిని కనిపెట్టుటకు తొట్టిలో కొంచెము సిరా కలిపి అరగంట ఆగి చూడవలెను. వాడకముందే పళ్లెములో రంగు కనబడినచో మూత చెడినదని అర్థము.

పళ్లెము క్రింద వంపుగొట్టములో కొంత నీరు ఎల్లప్పుడును నిలిచి, క్రిందనున్న దుర్గంధమును పైకి రానీయదు. ఇట్టి వంపునకు అలెగ్జాండరు కమ్మింగు అను గడియారపు పనివాడు 1775లో ఇంగ్లండునందు పేటెంటు పొందెను. పాలమూరు కూలీలు ఇండ్లకు తాళములువేసి నెలలతరబడి దూరదేశములకు పనులకు పోవుదురు. తిరిగివచ్చి తలుపు తీయగానే దుర్గంధము! పళ్లెము పగిలినదని భయపడుదురు. నిజమునకు ఎండకు వంపులోని నీరు ఇగిరిపోయినది, అంతే. రెండుచెంబుల నీరు పోసినచో వాసన ఆగును.

గుడ్డపీలికలు, ప్లాస్టిక్కు సంచులు పడి దారి మూసికొనినపుడు గంటవంటి రబ్బరుతిత్తిగల కఱ్ఱతో అదిమి లాగవలెను. కొందరు ఆమ్లమును, బ్లీచింగుపొడిని ఒకేసారి గుమ్మరింతురు. ఆ రెండును కలిసినచో క్లోరిను వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాల్చును.

ఇంటివారు తామే చేయగల మరమ్మతులు ఇంతవరకే. మూసియున్న సెప్టిక్ ట్యాంకులో దిగుట ఎవరికిని తగదు. అందలి హైడ్రోజన్ సల్ఫైడు మనిషిని నిమిషములో కూల్చును. రక్షింపబోయి దిగిన రెండవవాడును కూలును. మనుష్యులచేత పాకీపని చేయించుటను, రక్షణ లేకుండ వారిని ట్యాంకులలో దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది.

పల్లెలకు తగినది జంటగుంటల మరుగుదొడ్డి. ఒక గుంట నిండగానే నడుమనున్న చిన్నగదిలో ఒక దారి మూసి, రెండవది తెరతురు. నిండిన గుంటను ఏడాదిన్నర, రెండేండ్లు కదలింపరాదు. ఆలోగా నీరు నేలలో ఇంకి, మలము మట్టిగా మారును. 2017 ఫిబ్రవరిలో కేంద్ర పారిశుద్ధ్యశాఖ కార్యదర్శి శ్రీ పరమేశ్వరన్ అయ్యరు వరంగల్లు ప్రాంతపు గంగదేవిపల్లెలో అట్టి గుంటలోనికి స్వయముగా దిగి దానిని ఖాళీచేసెను. తరతరములుగా ఒక కులమువారి నెత్తిన రుద్దిన పనిని ఢిల్లీ అధికారి చేయుచుండగా ఊరివారు చూచిరి. పారతో పైకెత్తినది వాసనలేని పొడిమట్టి. పొలములో చల్లదగిన ఎరువు.