నిశ్వాస పరీక్షలో నానో సెన్సర్లు

నిశ్వాస పరీక్షలో వాడే నానో సెన్సర్లు అనగా, మనిషి విడిచే గాలిలో అతిస్వల్ప పరిమాణంలో ఉండే ఆవిరులను గుర్తించి, వాటి ఆధారంగా వ్యాధిని పసిగట్టడానికి నానో పదార్థాలతో తయారుచేసిన పరికరాలు. ఒక నానోమీటరు మీటరులో 100 కోట్లవ వంతు. ఈ పరీక్షకు రక్తం తీయవలసిన అవసరం లేదు.

నేపథ్యం

శ్వాస వాసనను బట్టి రోగాన్ని ఊహించడం ప్రాచీన గ్రీకు వైద్యులకు తెలుసు. 1971లో లైనస్ పాలింగ్ బృందం నిశ్వాసంలో సుమారు 250 పదార్థాలు ఉన్నట్లు కనుగొన్నది. మధుమేహం అదుపు తప్పినపుడు అసిటోన్, ఉబ్బసంలో నైట్రిక్ ఆక్సైడ్, మూత్రపిండాలు దెబ్బతిన్నపుడు అమ్మోనియా నిశ్వాసంలో పెరుగుతాయి.

పనిచేసే విధానం

బంగారు నానో కణాలపై కర్బన అణువుల పూత పూసి, వాటిని పలుచని పొరగా పరుస్తారు. నిశ్వాసంలోని ఆవిరులు ఆ పూతలోకి చేరినపుడు అది ఉబ్బి, కణాల మధ్య దూరం పెరుగుతుంది. దానితో పొర యొక్క విద్యుత్ నిరోధం మారుతుంది. ఒక్కొక్క సెన్సరుకు ఒక్కొక్క రకం పూత ఉంటుంది. ఏ ఒక్క సెన్సరూ వ్యాధిని చెప్పలేదు. అన్నింటి స్పందనలను కలిపి చూసి, ఆ అమరిక ఏ వ్యాధికి సరిపోతుందో కంప్యూటరు నిర్ణయిస్తుంది. మన ముక్కు వాసనలను గుర్తుపట్టేదీ దాదాపు ఇదే పద్ధతిలో.

పరిశోధనలు

ఇజ్రాయెల్‌లోని టెక్నియాన్ సంస్థలో హొస్సామ్ హైక్ బృందం 2009లో బంగారు నానో కణాల సెన్సర్లతో ఊపిరితిత్తుల క్యాన్సరు రోగుల నిశ్వాసాన్ని ఆరోగ్యవంతుల నిశ్వాసం నుండి వేరుగా గుర్తించింది. ఈ క్యాన్సరు చాలామందిలో ముదిరిన తరువాతే బయటపడుతుంది కనుక ఈ ఫలితం ఆసక్తి కలిగించింది. 2016లో వెలువడిన మరొక అధ్యయనంలో బంగారు నానో కణాలు, కర్బన నానో గొట్టాలు వాడి 1404 మందిని పరీక్షించగా, 17 వ్యాధులను 86 శాతం కచ్చితత్వంతో గుర్తించగలిగారు.

పరిమితులు

నిశ్వాసంలోని తేమ, తిన్న ఆహారం, పొగ త్రాగే అలవాటు, చుట్టూ ఉన్న గాలి ఫలితాన్ని మార్చగలవు. అంతేకాక, కచ్చితత్వపు శాతం ఒక్కటే చూస్తే పొరబడే అవకాశం ఉంది. ఉదాహరణకు 1000 మందిలో 10 మందికి ఒక వ్యాధి ఉన్నదనుకుందాం. రోగులలోనూ, ఆరోగ్యవంతులలోనూ 90 శాతం సరిగా చెప్పే పరీక్ష 9 మంది రోగులను పట్టుకుంటుంది. కాని వ్యాధి లేని 990 మందిలో 99 మందికి కూడా వ్యాధి ఉన్నదని చెబుతుంది. అందువలన ఇటువంటి పరీక్ష తదుపరి పరీక్షలు ఎవరికి అవసరమో ఎంచడానికి ఉపయోగపడవచ్చు గాని, స్కానింగు, కణజాల పరీక్షల స్థానాన్ని ఆక్రమించలేదు.