పదవినుండి దింపు మాటలు

ఆంగ్లపత్రికలు చదువు సోదరీమణులు మన యిండ్లలో పెక్కురు గలరు. రాజులును మంత్రులును పదవీచ్యుతులైనప్పుడు ఆ పత్రికలు వాడు మాటలన్నియు నొక్కటియే యని కొందరు తలంచుట మేము చూచుచున్నాము. ఒక్కటి కావు. ఎవరు దింపిరి, దిగినవాడు తనంత దిగెనా, అసలు దిగెనా యనుట ఆ మాటలోనే యుండును.

'డిపోజ్' అనగా బలవంతముగా దింపుట. 'అబ్డికేట్' అనగా రాజు తానే రాజ్యమును విడుచుట; 1936లో ఎనిమిదవ ఎడ్వర్డు చేసినది యిదియే. ఈ మాటపైననే 1689లో ఇంగ్లండున గొప్ప తగవు జరిగినది. విలియము సేనతో వచ్చి దిగగా, రెండవ జేమ్సురాజు 1688 డిసెంబరులో ఫ్రాన్సునకు పారిపోయెను. అతడు 'అబ్డికేట్' చేసెనని కామన్సు సభవారనిరి. కాదు, 'డెసర్ట్' చేసెను, అనగా వదలిపోయెను, అని వ్రాయవలెనని ప్రభువుల సభవారు పట్టుబట్టిరి. సింహాసనము ఖాళీయైనదా లేదా యనుట ఆ మాటమీదనే యాధారపడియుండెను. తుదకు ప్రభువులే లొంగిరి. 'డిపోజ్' అనుమాట మాత్రము తీర్మానమున చేరలేదు. పారిపోయినవానిని తానే విడిచెననుట మాకు వింతగనే తోచును గాని, రాజును మేమే దింపితిమని వ్రాయుటకు వారు జంకిరి కాబోలు! స్కాట్లండువారికా జంకు లేకపోయెను. తన దోషములచేత రాజ్యహక్కును గోల్పోయెనని వారు సూటిగా వ్రాసిరి.

మిక్కిలి తికమక పెట్టునది 'ఇంపీచ్'. దీని లాటిను మూలమునకు కాళ్లకు బంధము వేయుట యని యర్థము. నేరము మోపి విచారణకు నిలుపుటయే గాని దింపుట కాదు. వారన్ హేస్టింగ్సును 1787లో ఇంపీచ్ చేసిరి. 1795లో నిర్దోషియని విడిచిరి. అమెరికా అధ్యక్షుడు ఆండ్రూ జాన్సను 1868లో ఒక్క ఓటు తేడాతో పదవి నిలుపుకొనెను. నిక్సనును ఇంపీచ్ చేసిరని పలువురందురు. సభ ఓటు వేయకమునుపే, 1974లో, అతడు రాజీనామా యిచ్చెను.

'అవుస్ట్' మొదట భూముల తగాదాలలోని మాట: హక్కుదారుని నేలనుండి వెళ్లగొట్టుట. కొలువునుండి తీసివేయుట 'సాక్', అనగా సంచి. పనివాని చేతికి వాని పనిముట్ల సంచి నిచ్చి పంపుటచే వచ్చినదందురు.

మన 'ఉద్వాసన' యింతకంటె చిత్రమైనది. వినాయకచవితి పూజ ముగిసిన పిదప స్వామికి మనము చెప్పు ఉద్వాసనయే, కొలువు పోయిన గుమాస్తాకును చెప్పుదురు. స్వామికైనచో మరల రమ్మను పిలుపు కూడ నుండును.