తిరిగొస్తేనే బ్యాకప్

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు ఒక సర్వరు అనుకుని ఇంకో సర్వరులోని ఫైళ్లు తుడిచేశాడు. ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకుని, నలుగురూ కలిసి పనిచేసుకునే వేదిక అది. ఆ రోజు డేటాబేసు మీద భారం పెరిగి, అసలు సర్వరును చూసి నడవాల్సిన నకలు సర్వరు వెనకబడిపోయింది. నకలులోని పాత డేటా తీసేసి మొదటినుంచి మళ్లీ ఎక్కిద్దామనుకున్నారు. ఖాళీ అయింది మాత్రం అసలుది. ఒకటి రెండు సెకన్లలోనే పొరపాటు గ్రహించి ఆపినా, దాదాపు 300 జీబీ డేటాలో 4.5 జీబీయే మిగిలింది. అప్పుడు బ్యాకప్‌ల కోసం వెతికారు. ఐదు రకాల ఏర్పాట్లు ఉన్నాయనుకుంటే, ఒక్కటీ నమ్మదగ్గ స్థితిలో లేదు. రోజూ బ్యాకప్ ఫైళ్లు చేరాల్సిన చోట ఏమీ లేదు. బ్యాకప్ తీసే ప్రోగ్రాము 9.2 వెర్షను, డేటాబేసు 9.6 వెర్షను. రెంటికీ పొసగక ఆ ప్రోగ్రాము రోజూ మధ్యలోనే ఆగిపోతోంది. ఆగిపోయిందని హెచ్చరించే ఈమెయిళ్లను అవతలి సర్వరు తిప్పికొడుతోంది. ప్రమాదానికి ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్, అంటే ఆ క్షణానికి డేటా ఉన్నదున్నట్టు తీసిన నకలు, చివరికి ఆదుకుంది. దాన్ని వెనక్కి చేర్చడానికే సుమారు 18 గంటలు పట్టింది. ఆ ఆరు గంటల్లో చేరిన దాదాపు 5,000 ప్రాజెక్టుల, 5,000 వ్యాఖ్యల, 700 కొత్త ఖాతాల వివరాలు పోయాయి.

ఇది ఒక మనిషి పొరపాటు అని సరిపెట్టుకుంటే అసలు పాఠం చేజారిపోతుంది. పొరపాటుకు పట్టింది రెండు సెకన్లు. బ్యాకప్‌లు రావడం లేదన్న సంగతి మాత్రం అంతకు చాలా ముందునుంచీ ఎవరికీ తెలియకుండా ఉండిపోయింది. బ్యాకప్‌తో వచ్చే చిక్కే ఇది. రోజువారీ పని ఆగిపోతే వెంటనే ఎవరో ఒకరు గొడవ చేస్తారు. బ్యాకప్ ఆగిపోతే ఎవరికీ ఏ ఇబ్బందీ కలగదు, కాబట్టి ఎవరూ అడగరు. అది ఉందో లేదో తెలిసేది దాని అవసరం పడిన రోజునే. అందుకే నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: తిరిగి తెచ్చి చూడని నకలును బ్యాకప్ అని లెక్కలో వేసుకోకూడదు. ఆ తెచ్చి చూసే పనిని కూడా మనిషి ఓపికకూ జ్ఞాపకానికీ వదిలేయకుండా ఒక చిన్న ప్రోగ్రాముకు అప్పగించాలి. దాచుకున్న విత్తనాల్లో గుప్పెడు తీసి తడిగుడ్డలో మూటకట్టి, ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టాకే రైతు పొలంలో చల్లుతాడు. సంచి నిండుగా ఉందన్న ధీమాతో చల్లడు.

నకలు తీయడం కంటే తిరిగి తేవడం ఎందుకు కష్టమో చూద్దాం. నకలు తీసేటప్పుడు ఫైలు ఎదురుగా ఉంటుంది, దాన్ని చదివే ప్రోగ్రాము ఉంటుంది, పాస్‌వర్డు తెలిసిన మనిషి ఉంటాడు. తిరిగి తెచ్చే రోజున వీటిలో ఏది కరువైనా పని ఆగిపోతుంది. తాళం వేసిన బ్యాకప్‌కు పాస్‌వర్డు దొరకకపోవచ్చు. దాన్ని చదవగల వెర్షను కొత్త కంప్యూటరులో లేకపోవచ్చు. ఫైళ్లు వచ్చినా, ఏ ఫైలును ఎవరు తెరవవచ్చన్న అనుమతులు రాకపోవచ్చు. అన్నీ కుదిరినా, గంటలో అవుతుందనుకున్నది రెండు రోజులు పట్టవచ్చు. ఒక్కసారి చేసి చూస్తే తప్ప ఇవేవీ ముందుగా తెలియవు.

ఈ పనికి ప్రోగ్రామర్ల దగ్గర మంచి పనిముట్లు ఏనాటినుంచో ఉన్నాయి. టేపు మీదికి ఫైళ్లను మూటకట్టి ఎక్కించే టార్ 1979లో యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో విడతతో వచ్చింది. రెండు చోట్ల ఉన్న ఫైళ్లను పోల్చి, మారిన భాగాన్ని మాత్రమే పంపే ఆర్‌సింక్ 1996లో వచ్చింది. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన గిట్, కోడ్‌లోని ప్రతి దశనూ దాని సారం నుంచి లెక్కగట్టిన గుర్తుతో భద్రపరుస్తుంది. లోపల ఒక్క అక్షరం మారినా గుర్తు మారిపోతుంది కాబట్టి, పాడైన ఫైలు మంచిదానిలా చలామణి కాలేదు. 2019 ఆగస్టులో వచ్చిన 2.23 వెర్షనుతో 'గిట్ రిస్టోర్' అనే ప్రత్యేక ఆదేశం కూడా చేరింది. పాత దశలోని ఒక్క ఫైలును మాత్రమే వెనక్కి తెమ్మంటే తెస్తుంది. అయితే దశగా నమోదు చేయని మార్పును గిట్ తేలేదు. పైగా కోడ్ ఉన్న డిస్కులోనే గిట్ చరిత్ర కూడా ఉంటే, డిస్కుతోపాటు రెండూ పోతాయి. మామూలు ఫైళ్ల కోసం రెస్టిక్ వంటి పనిముట్లు ఇదే సూత్రాన్ని వాడతాయి. ఫైళ్లను ముక్కలు చేసి, ఒక్కో ముక్కకు ఒక గుర్తు కట్టి, తాళం వేసి దాస్తాయి. అడిగిన తేదీ నాటి ముక్కలను ఏరి మళ్లీ ఫైలుగా పేరుస్తాయి. రెస్టిక్‌లో తనిఖీ ఆదేశం కూడా ఉంది. కానీ మామూలుగా అది ముక్కల జాబితా సరిగ్గా ఉందో లేదో మాత్రమే చూస్తుంది. ప్రతి ముక్కనూ చదివి చూడమని విడిగా చెప్పాలి. పనిముట్టు ఎంత మంచిదైనా, దేన్ని తనిఖీ చేయాలో నిర్ణయించాల్సింది మనమేనని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆ నిర్ణయాన్ని రాతలో పెట్టేదే స్క్రిప్టు. పది ఇరవై వరుసలు చాలు. అన్నిటికంటే కొత్త బ్యాకప్‌ను ఎంచుకుని, దాన్ని ఖాళీగా ఉన్న వేరే ఫోల్డరులోకి దింపాలి. అందులో ఏవో కొన్ని ఫైళ్లను యాదృచ్ఛికంగా తీసి, వాటి గుర్తులు అసలు ఫైళ్లతో కలుస్తున్నాయో లేదో చూడాలి. డేటాబేసు అయితే నిజంగా తెరిచి వరుసలు లెక్కపెట్టాలి. అందులోని చివరి నమోదు నిన్నటిదా, ఆరు నెలల కిందటిదా అని చూడాలి. మొత్తం పనికి ఎంత సమయం పట్టిందో రాసిపెట్టాలి. ఫలితాన్ని మంచైనా చెడైనా రోజూ పంపాలి. కబురు రాని రోజును విఫలమైన రోజుగానే లెక్కించాలి. గిట్‌ల్యాబ్‌లో హెచ్చరిక రాలేదు కాబట్టి అంతా బాగుందనుకున్నారు. మౌనాన్ని అలా అర్థం చేసుకోకూడదు. ఆ ప్రమాదం తర్వాత గిట్‌ల్యాబ్ చేపట్టిన దిద్దుబాట్లలో, బ్యాకప్ తిరిగి వస్తోందో లేదో ప్రోగ్రాముతో పరీక్షించడం ఒకటి.

ప్రోగ్రామును నమ్మితే అదే ముంచదా అని అడగవచ్చు. అడగాల్సిన ప్రశ్నే. 2021 డిసెంబరులో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో అదే జరిగింది. సూపర్‌కంప్యూటరు బ్యాకప్ స్క్రిప్టు నడుస్తుండగానే దాని స్థానంలో కొత్త స్క్రిప్టును పెట్టారు. పాత లాగ్ ఫైళ్లను తీసేయాల్సిన ఆదేశానికి ఏ ఫోల్డరో తెలియకుండా పోయి, అది పరిశోధకుల ఫైళ్ల మీద పడింది. దాదాపు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు, 77 టీబీ డేటా తుడిచిపెట్టుకుపోయాయి. నష్టపోయిన 14 పరిశోధక బృందాల్లో నాలుగింటి డేటాను తిరిగి తేలేకపోయారు. అయితే ఈ ఉదాహరణ ప్రోగ్రాములు వద్దని చెప్పడం లేదు, వాటికి ఏ అధికారం ఇవ్వకూడదో చెబుతోంది. పరీక్షించే స్క్రిప్టుకు అసలు ఫైళ్లను చదివే అనుమతి ఉంటే చాలు. రాసే అనుమతి, చెరిపే అనుమతి ఉండకూడదు. దింపడమూ ఎప్పుడూ వేరే ఫోల్డరులోకే జరగాలి.

మన ఊళ్లలో దుకాణాల లెక్కలు రాసే టాలీకి కూడా ఇదే వర్తిస్తుంది. ఇప్పుడు వాడుతున్న ఫోల్డరులోకే పాత బ్యాకప్‌ను రిస్టోర్ చేస్తే, నేటి లెక్కల మీద పాత లెక్కలు వచ్చి కూర్చుంటాయి. బ్యాకప్ బాగుందో లేదో చూడబోయి ఉన్నది పోగొట్టుకునే ప్రమాదం అక్కడే ఉంది.

అన్నీ క్లౌడ్‌లో ఉన్నాయి కదా, మనకెందుకు ఈ తంటా అన్నది రెండో అభ్యంతరం. క్లౌడ్ పేరుతో మనం వాడే సేవల్లో చాలావాటి పని, ఇక్కడి మార్పును అక్కడా చేయడం. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటోను ఫోనులో ఆ యాప్ నుంచి తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. చెత్తబుట్టలో 60 రోజులుండి తర్వాత శాశ్వతంగా మాయమవుతుంది. వాట్సాప్ బ్యాకప్‌కు మనం తప్ప ఎవరూ తెరవలేని తాళం వేసుకునే సౌకర్యం 2021లో వచ్చింది. ఆ పాస్‌వర్డునో, 64 అంకెల తాళంచెవినో పోగొట్టుకుంటే ఆ సంస్థ కూడా తెరవలేదు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ సంస్థ డేటా సెంటరు తగలబడినప్పుడు, బ్యాకప్‌లు కూడా అక్కడే ఉన్న ఖాతాదారులు రెండూ పోగొట్టుకున్నారు. క్లౌడ్ అంటే చివరికి ఏదో ఒక ఊళ్లో ఉన్న యంత్రమే. మూడు నకళ్లు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట అన్న పాత నియమం అందుకే నేటికీ చెల్లుతోంది.

ఖర్చు, సమయం మాటేమిటన్నది మూడోది. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగి, దాదాపు 1.3 టీబీ డేటాకు దుండగులు తాళం వేశారు. దాడి తగలని ఒక బ్యాకప్ సర్వరు నుంచి ఆసుపత్రి పనులు నడిపే ఈ-హాస్పిటల్ వ్యవస్థ డేటా అంతా తిరిగి తెచ్చామని ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. బ్యాకప్ రక్షించిందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. అయినా ఆ మధ్యలో చాలా రోజులు ఓపీ చీటీలు మొదలుకొని పరీక్షల నివేదికల దాకా చేత్తో రాసుకోవాల్సి వచ్చింది. డేటా ఉండటం ఒక ఎత్తు, అది ఎన్ని గంటల్లో పనికొస్తుందన్నది ఇంకో ఎత్తు. ఈ రెండోది తెలియాలంటే పరీక్ష ఒక్కటే దారి. రాత్రివేళ నడిచే స్క్రిప్టుకు అయ్యే ఖర్చు ఒక పాత డిస్కు, కాస్త కరెంటు. ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు. పరీక్ష కోసం దింపిన నకలులో కూడా జనం రహస్యాలే ఉంటాయి కాబట్టి, పని అయ్యాక దాన్ని తీసేయాలి.

స్క్రిప్టు రాయడం రానివాళ్లు కూడా ఈ క్రమశిక్షణను పాటించవచ్చు. నెలకొకసారి బ్యాకప్ నుంచి ఒక ఫైలును ఇంకో కంప్యూటరులోకి తెచ్చి, తెరిచి చూస్తే సరిపోతుంది. ఆసుపత్రి, బడి, బ్యాంకు, ఆఫీసు, ఏదైనా సరే, కంప్యూటర్లు చూసే మనిషిని 'బ్యాకప్ ఉందా?' అని అడిగితే 'ఉంది' అన్న జవాబే వస్తుంది, అది అబద్ధం కూడా కాకపోవచ్చు. 'చివరిసారి ఎప్పుడు తిరిగి తెచ్చి చూశారు, ఎంతసేపు పట్టింది?' అని అడగాలి. దానికి ఒక తేదీ, ఇన్ని గంటలన్న ఒక లెక్క జవాబుగా రాకపోతే, అక్కడ బ్యాకప్ లేదనే అనుకుని ఆ రోజే పని మొదలుపెట్టడం మేలు.