పట్టా పుచ్చుకొన్న పిమ్మట

ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్య కళాశాల పేరు మనలో పలువురకు ఆనందీబాయి జోషీ మూలముననే తెలియును. 1886 మార్చిలో ఆమె పట్టభద్రురాలు కాగా, ఆ సంవత్సరముననే, శరత్కాలమున, నెబ్రాస్కా మైదానములనుండి వచ్చిన వేఱొక యువతి ఆ కళాశాలలో ప్రవేశించెను. ఆమె ఒమాహా తెగ నాయకుడైన జోసెఫ్ లా ఫ్లెష్ కుమార్తె సూసన్. 1889లో తరగతికెల్ల అగ్రగణ్యయై పట్టా పుచ్చుకొనగా, అమెరికా ఆదివాసులలో మొట్టమొదటి వైద్యురాలని చరిత్రకారులు ఆమెకొక వాక్యము కేటాయించి, ఋణము తీరినట్లు ముందునకు సాగిపోవుచుందురు. బిరుదము తగిలించి మనిషిని మఱచుట చరిత్రరచనకు పాత అలవాటు. సూసన్ గొప్పతనము పట్టాతో ఇల్లు చేరిన తరువాతనే మొదలైనదని నా తలంపు.

రోగపీడితయైన ఒక ముదుసలి కొఱకు నాలుగు మాఱులు కబురంపినను తెల్లదొర వైద్యుడు రాకపోగా, తెల్లవారకమునుపే ఆమె ప్రాణము విడుచుట సూసన్ బాల్యమున కన్నులార చూచినది. మొదట పాఠశాల పిల్లలకు, అటుపిమ్మట తెగకంతకు వైద్యురాలై, సాలుకు 500 డాలర్ల జీతముపై, 1,200 మందికి పైబడిన జనమునకు తానొక్కతెయే దిక్కై, మంచుగాలులలో గుఱ్ఱమెక్కియో బండి కట్టించుకొనియో గూడెము గూడెమునకు తిరిగెను. మందిచ్చుటతో పని ముగియునా? ఉత్తరములు వ్రాసిపెట్టవలెను, సర్కారు కాగితములకు అర్థము చెప్పవలెను, లెక్కలు చూడవలెను. అందఱును ఒకే లోటాతో నీరు త్రాగు అలవాటును మాన్పుటకును, ఈగలను అరికట్టుటకును, సారాయి వర్తకమును నిషేధింపజేయుటకును ఆమె పడిన పాట్లు ఏ పట్టాలోను చేరవు.

తన జనులు తెల్లవారి విద్యను, మతమును, ఆచారములను స్వీకరింపవలెనని ఆమె విశ్వసించినది. నేటి చదువరికది రుచింపకపోవచ్చును. కాని 1905లో వితంతువై, భర్త భూమిపై తన బిడ్డల వారసత్వహక్కు కొఱకు సర్కారు కచేరీలతో పెనగులాడవలసివచ్చినప్పుడు, ఆదివాసిని ఎన్నటికిని మైనరుగానే ఎంచు పాలనావిధానము ఆమెకు అనుభవపూర్వకముగా బోధపడెను. 1910లో తెగ ప్రతినిధివర్గమునకు నాయకురాలై వాషింగ్టన్ వెళ్లి, ఒమాహాల భూములపై ప్రభుత్వపు పెత్తనమును పొడిగించుటను ప్రతిఘటించిన సూసన్, ఒకనాడు ఆ ప్రభుత్వమువద్దనే జీతము పుచ్చుకొన్న సూసనే.

అప్పటికే వినికిడి తగ్గి, వ్యాధి ముదురుచున్నను ఆమె ప్రయత్నము మానలేదు. 1913లో వాల్ట్‌హిల్ గ్రామమున, సర్కారు కాసు విదల్పకున్నను, విరాళములతో ఆసుపత్రి వెలసినది. 1915 సెప్టెంబరులో, 50 ఏండ్ల ప్రాయమున, ఆమె మరణింపగా దానికామె పేరే పెట్టిరి. ఆదివాసులతోపాటు ఇరుగుపొరుగు తెల్లవారును అందు చికిత్స పొందుచుండిరి.