గుల్లపై రంధ్రము చెప్పే కథ

సముద్రతీరాన గుల్లలు ఏరుకొనే పిల్లలకు కొన్ని చిప్పలను దండ గుచ్చడానికి వేరే బెజ్జము వేయనక్కరలేదు. గుండ్రని బెజ్జము అప్పటికే ఉంటుంది. అలల తాకిడికి పడిన చిల్లుల అంచులు సాధారణముగా వంకరటింకరగా ఉంటవి. వడ్రంగి బరమాతో తొలిచినట్లు తీరుగా ఉన్న రంధ్రము చాలావరకు ఒక జీవి చేసిన పనియే. అది ఏ జీవి? ఎందుకు తొలిచినది?

ఇట్టి రంధ్రములు చేసేవాటిలో ముఖ్యమైనవి నాటిసిడులు, మ్యూరిసిడులు అనే రెండు కుటుంబముల మాంసాహార నత్తలు. గుల్లలో ప్రధానముగా ఉండేది కాల్షియం కార్బొనేటు. నత్త శరీరములోని ఒక ప్రత్యేక అవయవము ఆమ్లముతో కూడిన ద్రవమును స్రవించి, గుల్లను మెత్తపరుస్తుంది. పిమ్మట నత్త ఆకురాయి వంటి తన పళ్ళపట్టీతో ఆ భాగమును గీకివేస్తుంది. ఈ రెండు పనులు ఒకదాని తర్వాత ఒకటిగా సాగుతవి. గుల్ల మందమును బట్టి ఇందుకు గంటలు, ఒక్కొక్కప్పుడు రోజులు పడుతుంది. రంధ్రము పూర్తికాగానే నత్త తొండమును లోపలికి చొప్పించి, మాంసమును తినివేస్తుంది.

సాధారణముగా నాటిసిడు రంధ్రము గిన్నెవలె పైన వెడల్పుగా, అడుగున సన్నగా ఉంటుంది. మ్యూరిసిడు రంధ్రము గోడలు నిటారుగా ఉంటవి. సగములో ఆగిన రంధ్రమును బట్టి ఆ దాడి ఫలించలేదని గ్రహించవచ్చు.

ప్రతి రంధ్రము వేట గుర్తు కాదు. క్లయోనా అనే స్పంజిక గుల్లను తినడానికి కాక, దానిలో నివసించడానికి తొలుస్తుంది. సున్నపు పదార్థమును అతి చిన్న పెచ్చులుగా విడదీసి, గుల్ల మందములో గదులు చేసుకొంటుంది. పైకి అనేక సన్నని చిల్లులు మాత్రమే కనిపిస్తవి. అట్టి చిల్లులు చిప్ప లోపలి ముఖమునుండి తొలిచినట్లు ఉంటే, ఆ గుల్ల అప్పటికే ఖాళీ అయినదని అర్థము. బ్రతికి ఉన్న జీవి శరీరము ఆ ముఖమును కప్పి ఉంచుతుంది గదా!

శిలాజములలోను ఈ గుర్తులు నిలిచి ఉన్నవి. వేటజీవులు చేసిన గుండ్రని రంధ్రములకు 1981లో రిచర్డ్ బ్రామ్లీ ‘ఓఇక్నస్’ అని పేరు పెట్టినాడు. ఇది జీవి పేరు కాదు. అది మిగిల్చిన గుర్తు పేరు. చైనాలోని షాన్సీ రాష్ట్రమున దొరికిన, సుమారు 55 కోట్ల సంవత్సరముల నాటి క్లౌడినా అనే గొట్టపు శిలాజములపై ఇట్టి రంధ్రములను 1992లో బెంగ్ట్సన్, యూ జావో వర్ణించినారు. తొలిచిన జీవి ఏదో తెలియదు. అది చేసిన పని మాత్రము రాతిలో నిలిచినది. మన రాజమహేంద్రవరము వద్ద, దక్కను లావా పొరల క్రింద ఉన్న సున్నపురాతిలో మరమేకు ఆకారపు టరిటెల్లా జాతి గుల్లలు దొరుకుతవి. సుమారు 6.6 కోట్ల సంవత్సరముల నాటి ఆ గుల్లలపై నాటిసిడు రంధ్రములను శాస్త్రజ్ఞులు విరివిగా గుర్తించినారు.

విద్యార్థులు తీరమున ఒకే జాతి చిప్పలు ఏరి, వేటకు గురైనవాటిని లెక్కించవచ్చు. ఇందులో ఒక జాగ్రత్త అవసరము. ఆల్చిప్ప వంటి జీవికి చిప్పలు రెండు. వేటనత్త సాధారణముగా ఒకదానినే తొలుస్తుంది. విడివిడిగా దొరికిన 200 చిప్పలలో 20టికి రంధ్రములు ఉన్నవనుకొందాము. నూటికి పది వేటకు బలియైనవని చెప్పితే పొరపాటు. 200 చిప్పలు 100 జీవులకు సమానము. కనుక నూటికి ఇరువది అనవలెను. రంధ్రమును చూడడమే కాదు, దానిని సరిగా లెక్కించడము కూడ శాస్త్రమే.