అమ్మాలా? ఆపాలా?

వ్యాపారం అనగానే మనకు పెద్ద పెద్ద మిల్లులూ, కంపెనీలూ గుర్తుకొస్తాయి. కాని ఇంట్లో డబ్బుకు కొంత అప్పు కలిపి పెట్టుబడి పెట్టి, లాభం వస్తే తిని, నష్టం వస్తే తానే మోసే ప్రతి మనిషీ వ్యాపారస్తుడే. కిరాణాకొట్టు వాడూ అంతే, మిరప వేసే రైతూ అంతే. నిర్ణయం తప్పితే దెబ్బ తగిలేది ఇంటి పొయ్యికి, పిల్లల ఫీజులకి. రైతు కుటుంబం నుంచి వచ్చి బి.యస్సీ. చదువుతున్నవాణ్ణి గనుక నాకు తెలిసిన మిరపకాయల లెక్కతోనే ఈ సంగతి చెప్తాను.

2017 వేసవిలో మిర్చి ధర ఎంతగా కూలిందంటే, క్వింటాలు 5,000 రూపాయలకు కొనే పథకాన్ని కేంద్ర ప్రభుత్వం ప్రకటించవలసి వచ్చింది. 2025లో మళ్లీ అదే కథ. ఈసారి పథకంలో పెట్టిన ధర 11,781 రూపాయలు. అట్లాంటి రోజుల్లో గుంటూరు యార్డులో ఎవరిని కదిపినా ఒకటే మాట: "పెట్టుబడైనా రాకుండా ఎట్టా అమ్మేది?" ఆ మాటతోనే టిక్కీలు కోల్డ్ స్టోరేజీకి పోతాయి.

ఆ మాట ప్రభుత్వాన్ని నిలదీసి అడగటానికైతే న్యాయమైనదే. అమ్మాలా ఆపాలా అని తేల్చుకోవడానికి మాత్రం పనికిరాదు. ఎందుకంటే విత్తనానికీ, మందులకీ, కోతకూలీకీ పెట్టిన డబ్బు ఇవాళ అమ్మినా ఖర్చయిందే, ఆరు నెలలు పోయాక అమ్మినా ఖర్చయిందే. సమీకరణంలో రెండు వైపులా ఒకే అంకె ఉంటే కొట్టెయ్యమని హైస్కూల్లోనే మన లెక్కల మాస్టార్లు చెప్పారు గదా!

ఊహకు అంకెలు వేసుకుందాం. క్వింటాలు పండించడానికి 13,000 అయింది. ఇవాళ ధర 10,000. అప్పు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఇవాళ అమ్మి అప్పుకు జమకడితే నెలకు 200 చొప్పున ఆరు నెలలకు 1,200 వడ్డీ తప్పుతుంది. స్టోరేజీ అద్దె, బండి కిరాయి, హమాలీ కలిపి 500 అనుకోండి. అంటే అప్పటి ధర 11,700 దాటితేనే ఆపినందుకు ఫలితం. ఈ లెక్కలో 13,000 ఎక్కడా రాలేదు చూడండి. 12,500 వస్తుందనటానికి గట్టి ఆధారం ఉంటే ఆపాలి, అప్పటికీ నష్టమే అయినా సరే. 11,000 దాటదనిపిస్తే ఇవాళే అమ్మెయ్యాలి.

ఆధారం అంటే పక్క కాటా దగ్గర విన్న కబురు కాదు. స్టోరేజీల్లో పాత నిలువలెన్ని ఉన్నాయి, కొత్తగా ఎన్ని ఎకరాలు వేశారు, ఎగుమతి ఎట్లా ఉంది, ఇవీ ఆధారాలు. (స్టోరేజీ మాత్రం దండగ కాదు. కాయకు ఎరుపునిచ్చే కాప్సాంథిన్ వెలుతురుకీ, గాలిలోని ఆక్సిజన్‌కీ మెల్లగా విరిగిపోతుంది. చలవలో, చీకట్లో ఆ పని బాగా నెమ్మదిస్తుంది.)

ఇంత తేలిక లెక్క మనసుకు ఎందుకు ఎక్కదు? డేనియల్ కానెమన్, ఎమోస్ ట్వెర్‌స్కీ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1979లో ఒక వ్యాసంలో దీన్ని వివరించారు. వంద వచ్చిన సంతోషం కన్నా వంద పోయిన బాధ మనిషికి ఎక్కువ. ఖాయమైన నష్టాన్ని ఒప్పుకోలేక, ఇంకా పెద్ద నష్టానికైనా తెగించి జూదం ఆడతాడు. బట్టలకొట్లో రెండేళ్లనాటి చీరలు కొన్న ధరకి తగ్గనని బీరువాలోనే మగ్గటం కూడా ఇదే జబ్బు. ఆ బీరువాలో కొత్త సరుకు పెడితే వచ్చే లాభం ఎవరూ లెక్కెయ్యరు.

సైన్సు విద్యార్థులకు ఇష్టమయ్యే ముచ్చట ఒకటుంది. తరువాత ఆక్సిజన్‌ను వేరుచేసి చూపిన జోసెఫ్ ప్రీస్ట్‌లీ, 1772లో ఒక పెద్ద ప్రభువు దగ్గర ఉద్యోగానికి ఒప్పుకోవాలా వద్దా అని సలహా అడిగితే, బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఏం చెయ్యమనీ చెప్పలేదు. ఎట్లా తేల్చుకోవాలో చెప్పాడు. కాగితం మధ్య గీత గీసి, ఒకపక్క అనుకూలాలు, ఒకపక్క ప్రతికూలాలు మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా రాసి, సమాన బరువున్నవాటిని రెండు పక్కలా కొట్టేసుకుంటూ పొమ్మన్నాడు. ఒక్కరోజులో కాదు, నాలుగు రోజుల్లో అన్నది నాకు నచ్చిన సంగతి. ఒక్కపూట కోపంలో అయితే ఒక పక్కే కనిపిస్తుంది.

అయితే చిన్న వ్యాపారికి సగటు లాభం ఒక్కటే చూస్తే చాలదు. పెద్ద వ్యాపారి ఒక ఏడు పోయినా ఇంకో ఏడు రాబట్టుకుంటాడు. మనవాడికి ఆ ఒక్క ఏడే పొలం తాకట్టు కావచ్చు. అందుకే సగం అమ్మి అప్పు దించుకుని సగం ఆపే రైతును పిరికివాడంటే నేనొప్పుకోను. ధర పెరిగితే కొంత లాభం పోతుంది, నిజమే. పడిపోతే ఇల్లు నిలబడుతుంది.

ఇక చివరికి ధర పెరిగింది కాబట్టి ఆపినవాడు తెలివైనవాడు, పడింది కాబట్టి తెలివితక్కువవాడు అని ఊరంతా తీర్పు చెప్తుంది. ధరను ముందుగా చూసినవాడెవడు? నిర్ణయం నాటికి వాడికి ఏం తెలుసు, దేన్ని తెలుసుకోగలిగీ వదిలేశాడు అన్నదే అడగవలసింది. అది ఏడాది తరువాత గుర్తుండదు. మనసు తనకు అనుకూలంగా మార్చుకుంటుంది. పద్దు పుస్తకంలోనే ఒక పేజీ దీనికి కేటాయిస్తే సరి: తేదీ, ఆనాటి ధర, ఎందుకు ఆపుతున్నాం, ఎంత వస్తే అమ్ముతాం, ఎంతకు పడితే ఇక ఆపం, ఆఖరి గడువు ఏ నెల. ఈ ఆఖరి రెండూ సరుకు స్టోరేజీకి ఎక్కకముందే, ఇంట్లో ఆడవాళ్లను కూడా కూర్చోబెట్టుకుని రాయాలి. వడ్డీ ఎప్పుడు కట్టాలో వాళ్లకే బాగా గుర్తుంటుంది.